ధర్మబోధ: స్త్రీకీ అప్పగించిన అమానతు

(ముస్లిం మహిళల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



 అల్లాహ్ నామంతో ఈ నాలుగు మాటలు ప్రారంభిస్తున్నాను.

ముందుగా ఒక విషయం మనవి చేసుకోవాలి. నేను ఆలిమాను కాను. ముప్ఫై సంవత్సరాలు బడిలో పిల్లలకు చదువు చెప్పినదాన్ని. ధర్మశాస్త్రంలో నాదంటూ కొత్త అభిప్రాయం ఏదీ లేదు. మన పూర్వ విద్వాంసులు తమ గ్రంథాలలో భద్రపరచి ఇచ్చినదాన్ని, మనం చదవకుండా పక్కన పెట్టినదాన్ని మీకు జ్ఞాపకం చేయడమే నా పని. దానికి ముందు మా వీధిలో జరిగిన ఒక సంగతి చెబుతాను.

మా వీధిలో ఒక సోదరి బడిలో మధ్యాహ్న భోజనం వండే పనిలో ఉండేది. భర్త తలాఖ్ ఇచ్చాడు. ఇద్దత్ ఎన్నాళ్ళు పాటించాలో ఆమెకు తెలియదు. మస్జిదుకు వెళ్ళి అడిగే అలవాటు మన దగ్గర లేదు. పన్నెండేళ్ళ కొడుకును పంపిద్దామంటే, అడగవలసినది నెలసరికి సంబంధించిన మాట. ఆ మాట పసివాడి నోట ఎలా పలికిస్తుంది? చివరకు పొరుగావిడ ఎవరో చెప్పింది విని నాలుగు నెలల పది రోజులు ఇంట్లోనే కూర్చుంది. అది భర్త చనిపోయిన స్త్రీకి చెప్పిన గడువు. విడాకులు పొందిన స్త్రీ ఇద్దత్ మూడు నెలసరులని ఖుర్ఆన్ రెండవ సూరా 228వ ఆయతులోనే ఉంది. ఆమె తిరిగి పనికి వెళ్ళేసరికి ఆ స్థానంలో మరొకరిని పెట్టుకున్నారు.

ఇది విన్నప్పుడు నాకు ఎక్కువ బాధ కలిగించినది వేరే ఉంది. ఆమె ఇంటికి నాలుగిళ్ళ అవతలే ఒక యువతి ఉంది. అయిదేళ్ళు మదరసాలో చదివి, ఆలిమా సనదు పుచ్చుకుని వచ్చిన పిల్ల. ఇప్పుడు జాకెట్లు కుట్టుకుంటూ ఉంది. “నీకు తెలుసు కదమ్మా, చెప్పలేదేం?” అని అడిగాను. “నన్ను ఎవరూ అడగలేదు టీచరమ్మా” అంది.

నన్ను ఎవరూ అడగలేదు. ఈ ఒక్క మాట చుట్టూనే ఈనాటి నా ప్రసంగమంతా తిరుగుతుంది. స్త్రీకి ధర్మం తెలిసి ఉండవచ్చు. మరి ఆమె దాన్ని బోధించవచ్చునా? ఆమె మాటను ప్రామాణికంగా స్వీకరించవచ్చునా? ఈ ప్రశ్నకు మన మూలగ్రంథాలు ఏం సమాధానం చెబుతున్నాయో చూద్దాం.

ఖుర్ఆన్ ఎవరిని పిలిచింది?

తౌబా సూరా 71వ ఆయతును తీసుకోండి. విశ్వాసులైన పురుషులూ విశ్వాసులైన స్త్రీలూ పరస్పరం అండదండలని అక్కడ అల్లాహ్ చెప్పాడు. ఆ వెంటనే వారి ఉమ్మడి కర్తవ్యాలను పేర్కొన్నాడు. అందులో మొదటిది నమాజు కాదు, జకాత్ కాదు. మంచిని ఆదేశించడం, చెడును వారించడం. ఆ తరువాతే నమాజు, జకాత్ వచ్చాయి. స్త్రీపై నమాజు విధి అని మనమందరం ఒప్పుకుంటాం. జకాత్ విధి అని ఒప్పుకుంటాం. అదే ఆయతులో, వాటికన్నా ముందు ఉన్న మంచిని ఆదేశించే బాధ్యత దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎందుకు ఆగిపోతున్నాం? ధర్మబోధ అంటే మంచిని ఆదేశించడం కాక మరేమిటి?

ఆలి ఇమ్రాన్ సూరాలో మర్యం (అలై) వృత్తాంతం ఉంది. ఇమ్రాన్ భార్య తన కడుపులోని బిడ్డను దైవసేవకు అంకితం చేస్తానని మొక్కుకుంది. పుట్టినది ఆడపిల్ల. తల్లి కలవరపడింది, మగబిడ్డ ఆడబిడ్డ వంటివాడు కాడు కదా అనుకుంది. అల్లాహ్ ఆ బిడ్డను ఆదరంగా స్వీకరించాడు. మొక్కు చెల్లదనలేదు, మగబిడ్డ పుట్టేదాకా ఆగమనలేదు. ఆ బాలిక ప్రార్థనా మందిరంలోనే పెరిగింది. ఆమెకు సంరక్షకుడు సాక్షాత్తూ ఒక ప్రవక్త, జకరియ్యా (అలై). ఆయన మెహ్రాబులో ఆమె వద్దకు వెళ్ళినప్పుడల్లా అక్కడ ఆహారం కనిపించేది. అదెక్కడిదని ఆయన అడిగితే అల్లాహ్ వద్ద నుండి వచ్చిందని ఆమె చెప్పింది. ఆ జవాబు విన్న చోటనే, ఆ వృద్ధ ప్రవక్త తనకు సంతానం కావాలని చేతులెత్తి వేడుకున్నాడు. ఒక యువతి విశ్వాసం ఒక ప్రవక్త ఆశను మేల్కొలిపిన సన్నివేశం ఇది. ఆధ్యాత్మిక స్థానం అంటే ఇంతకు మించి ఏముంటుంది?

తహ్రీమ్ సూరా చివరి రెండు ఆయతులు ఇంకా గమనించదగ్గవి. విశ్వసించిన వారందరికీ ఆదర్శంగా అల్లాహ్ ఇద్దరిని చూపించాడు. ఒకరు ఫిరౌను భార్య, రెండవవారు మర్యం (అలై). ఇద్దరూ స్త్రీలే. వారిని స్త్రీలకు ఆదర్శమని అనలేదు, విశ్వాసులకు ఆదర్శమని అన్నాడు. అంటే ఈ సభలో కూర్చున్న పురుషులు కూడా ఆ ఇద్దరి అడుగుజాడలను చూసి నేర్చుకోవలసిన వారే. ఖసస్ సూరాలో మూసా (అలై) తల్లికి అల్లాహ్ సందేశం అందించిన విషయం ఉంది. ఇలాంటి ఆయతులను ఆధారం చేసుకునే స్పెయిన్ దేశపు మహావిద్వాంసుడు ఇబ్ను హజ్మ్ (రహ్మ) స్త్రీలకు నబువ్వత్ లభించిందని కూడా వాదించారు. అత్యధిక విద్వాంసులు దానితో ఏకీభవించలేదు. అయినా అంతటి చర్చకు తావిచ్చేంత ఉన్నత స్థానంలో ఖుర్ఆన్ ఆ స్త్రీలను నిలిపిందన్నది గుర్తించాలి.

ఇక అహ్జాబ్ సూరా. 34వ ఆయతులో ప్రవక్త (స) సతీమణులకు ఒక బాధ్యత అప్పగించబడింది. తమ ఇళ్ళలో పఠించబడే దైవవాక్యాలను, వివేకాన్ని జ్ఞాపకం ఉంచుకోవాలని వారికి ఆజ్ఞ వచ్చింది. ఆ జ్ఞాపకం ఎవరి కోసం? వారితోనే సమాధి అయిపోవడానికా? ఉమ్మత్‌కు అందించడానికే అని వారు అర్థం చేసుకున్నారు, అలాగే ఆచరించారు.

విశ్వాసుల మాతలు ఎలా బోధించారు?

హిరా గుహలో తొలి దైవవాణి అందుకుని వణుకుతూ ఇంటికి వచ్చిన దైవప్రవక్త (స)కు ధైర్యం చెప్పి, ఆయన సత్యాన్ని అందరికన్నా ముందుగా ధ్రువీకరించినది హజ్రత్ ఖదీజా (రజి). దైవప్రవక్త (స)ను విశ్వసించిన తొలి గొంతు ఒక స్త్రీది.

హజ్రత్ ఉమ్మె సలమా (రజి) గురించి సహీహ్ ముస్లింలో ఒక చిన్న సంఘటన ఉంది. ఒక రోజు పరిచారిక ఆమె జుట్టు దువ్వుతోంది. ఇంతలో దైవప్రవక్త (స) మింబరు మీద నుండి ప్రజలను సంబోధిస్తూ పిలవడం వినిపించింది. ఆమె లేవబోయారు. ఆయన పురుషులను పిలుస్తున్నారు, స్త్రీలను కాదని పరిచారిక అంది. తానూ ప్రజలలో ఒకతేనని ఉమ్మె సలమా (రజి) బదులిచ్చారు. సోదరీమణులారా, ఈ జవాబును మనసులో రాసిపెట్టుకోండి. హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా ఒప్పందం నాడు సహాబాలు దుఃఖంతో కదలక నిలబడిపోయినప్పుడు, దైవప్రవక్త (స)కు సలహా చెప్పినది కూడా ఈమే. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి మీ ఖుర్బానీ మీరు ఇచ్చి, తల గొరిగించుకోండి, చూసినవారు అనుసరిస్తారని ఆమె సూచించారు. ఆయన అలాగే చేశారు, జనమంతా అనుసరించారు.

హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసులు 2,210. అత్యధిక హదీసులు అందించిన సహాబాల వరుసలో ఆమెది నాలుగవ స్థానం. తమకు ఏ హదీసు విషయంలో చిక్కు వచ్చినా ఆయిషా (రజి)ను అడిగితే ఆమె వద్ద దానికి సంబంధించిన జ్ఞానం దొరికేదని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) సాక్ష్యం చెప్పారు. ఆమె అందించడంతో ఆగలేదు, సరిదిద్దారు కూడా. బంధువులు ఏడ్చినందుకు మృతునికి శిక్ష పడుతుందన్న ఉల్లేఖనం ఆమె చెవిన పడినప్పుడు, ఒకరి భారం మరొకరు మోయరన్న ఖుర్ఆన్ సూత్రాన్ని ముందుంచి దాన్ని సవరించారు. స్త్రీ ఎదుట నుండి దాటితే నమాజు భంగమవుతుందని కొందరు అన్నప్పుడు, స్త్రీలను జంతువులతో సమానం చేశారా అని నిలదీశారు. ఈ సవరణలన్నిటినీ సేకరించి 14వ శతాబ్దంలో ఇమామ్ జర్కషీ (రహ్మ) ఒక గ్రంథమే రచించారు. సహాబాలను ఒక స్త్రీ సరిదిద్దిన సందర్భాలను చేర్చి గ్రంథం రాయడం ఆయనకు తప్పుగా తోచలేదు.

హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో సంకలనమైన ఖుర్ఆన్ ప్రతి చివరకు ఎవరి సంరక్షణలో ఉన్నది? హజ్రత్ హఫ్సా (రజి) వద్ద. హజ్రత్ ఉస్మాన్ (రజి) దాన్ని ఆమె నుండి తెప్పించుకునే ప్రతులు తయారు చేయించారు. అంటే గ్రంథాన్ని కాపాడిన చేతులూ స్త్రీవే, హదీసును అందించిన నోరూ స్త్రీదే.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన సూత్రం ఒకటి ఉంది. హదీసు ఉల్లేఖకుని అర్హతల్లో విశ్వసనీయత ఉంది, జ్ఞాపకశక్తి ఉంది, పురుషుడై ఉండాలన్న షరతు లేదు. ఒక్క స్త్రీ చెప్పిన హదీసుతోనే హలాల్ హరామ్ నిర్ణయమైన సందర్భాలు ఉన్నాయి. ఉల్లేఖకుల లోపాలను నిర్దాక్షిణ్యంగా ఎత్తిచూపిన ఇమామ్ జహబీ (రహ్మ), అబద్ధపు హదీసు కల్పించిందన్న అభియోగం పడిన స్త్రీ ఒక్కరూ తన దృష్టికి రాలేదని రాశారు.

మింబరు ఎక్కిన మహిళలు

ఆ పరంపర సహాబాల తరంతో ఆగిపోలేదు. డెమాస్కస్‌లో ఉమ్ముద్దర్దా (రహ్మ) ఫిఖహ్ బోధించారు. ఆమె పాఠాలు వినడానికి వచ్చినవారిలో ఖలీఫా అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ ఒకరు. ఆమె ధర్మవేత్త అని ఇమామ్ బుఖారీ (రహ్మ) తన సహీహ్‌లో పేర్కొన్నారు. మదీనాలో అమ్రా బిన్త్ అబ్దుర్రహ్మాన్ (రహ్మ) వద్ద ఉన్న హదీసులను రాయించమని ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) ఆదేశించారు. జ్ఞానం అంతరించిపోతుందన్న భయంతో ఆయన ఇచ్చిన ఆదేశం అది. 11వ శతాబ్దంలో మక్కాలో కరీమా మర్వజియ్యా (రహ్మ) సహీహ్ బుఖారీ బోధిస్తుంటే, ఖతీబ్ బగ్దాదీ (రహ్మ) అంతటి పండితుడు ఆమె ఎదుట విద్యార్థిగా కూర్చున్నారు.

మన ప్రాంతంలో అత్యధికులం హనఫీ మజ్హబ్‌ను అనుసరించేవాళ్ళం. హనఫీ ఫిఖహ్‌లో ‘బదాయె అస్సనాయె’ ఎంత ప్రామాణికమో ఉలమాలకు తెలుసు. దాని రచయిత ఇమామ్ కాసానీ (రహ్మ). ఆయన సతీమణి ఫాతిమా సమర్ఖందీ (రహ్మ) స్వయంగా ముఫ్తియా. వారి ఇంటి నుండి వెలువడే ఫత్వాపై ఆమె సంతకం, ఆమె తండ్రి సంతకం ఉండేవి. వివాహానంతరం భర్త సంతకం కూడా చేరింది. భర్త తడబడితే ఆమె సరిదిద్దేవారని చరిత్రకారులు రాశారు.

మింబరు మాటకు వస్తే, ఫాతిమా బిన్త్ అబ్బాస్ బగ్దాదియ్యా (రహ్మ)ను తలచుకోవాలి. ఆమె హంబలీ ధర్మవేత్త. డెమాస్కస్‌లోనూ కైరోలోనూ స్త్రీలకు ధర్మోపదేశం చేశారు. కైరోలో మరణించారు. ఆమె మింబరు ఎక్కి ప్రసంగించడం చూసి ఇమామ్ ఇబ్ను తైమియ్యా (రహ్మ) మనసులో కొంత సంకోచం కలిగిందట. వారించాలనుకున్నారు. ఆ రాత్రి కలలో దైవప్రవక్త (స) కనిపించి ఆమె పుణ్యవతి అని చెప్పారని, దానితో ఆ సంకోచం తీరిందని చరిత్రకారుడు సఫదీ నమోదు చేశారు. కలను ఎవరూ ధర్మశాస్త్ర ప్రమాణంగా తీసుకోరు, తీసుకోకూడదు కూడా. అయితే అంతటి కఠినమైన విద్వాంసుడు తన సంకోచాన్ని దాచుకోకుండా చెప్పి, ఆమె జ్ఞానాన్ని మెచ్చుకున్నారన్నది మనకు పాఠం కావాలి. సంకోచం కలగడం తప్పు కాదు. సంకోచాన్నే షరీఅత్ అనుకోవడం తప్పు.

మన దేశంలోనే పుట్టిన విద్వాంసుడు ముహమ్మద్ అక్రమ్ నద్వీ హదీసు విద్యలో పేరు పొందిన స్త్రీల జీవితాలను సేకరించారు. ఆ లెక్క చివరకు పదివేలకు చేరువైంది. 2021లో అరబీలో వెలువడిన ఆ గ్రంథం 43 సంపుటాలు.

దక్కను నేల మీద కూడా ఈ జాడ ఉంది. 17వ శతాబ్దం నుండి బీజాపూరు సూఫీలు తిరగలి విసురుతూ పాడుకునే ‘చక్కీనామా’లను దక్కనీ భాషలో రచించారు. తిరగలి పిడిని ‘అలిఫ్’ అక్షరంతో పోల్చి, అల్లాహ్ ఏకత్వాన్ని అందులో చెప్పారు. వాటిని పాడినవారు, పిల్లలకు నేర్పినవారు స్త్రీలే. మన ముత్తవ్వల ఇళ్ళలోకి తౌహీద్ వచ్చిన దారులలో తిరగలి చప్పుడు ఒకటి.

అభ్యంతరాలకు సమాధానం

కొందరు పెద్దలు మూడు అభ్యంతరాలు చెబుతారు. వారి ఉద్దేశాన్ని నేను శంకించను. వారు ఉదహరించే ప్రమాణాలనే మరొకసారి చదువుదామంటాను.

మొదటిది, స్త్రీ గొంతు పరాయివారు వినరాదన్నది. అహ్జాబ్ సూరా 32వ ఆయతులో ప్రవక్త (స) సతీమణులను గొంతులో మెత్తదనం చూపవద్దని అల్లాహ్ హెచ్చరించాడు, నిజమే. అదే ఆయతు చివర ఏమని ఆదేశించాడు? సముచితమైన రీతిలో మాట్లాడమన్నాడు. మాట్లాడనే వద్దని ఉంటే ఎలా మాట్లాడాలో చెప్పవలసిన అవసరం ఏముంది? అదే సూరా 53వ ఆయతు వారిని ఏదైనా అడగదలిస్తే తెర చాటు నుండి అడగమంది. తెర గురించి చెబుతూనే అడగడాన్ని, బదులు చెప్పడాన్ని అంగీకరించింది. పరదా నోటికి వేసిన తాళం కాదని ఈ రెండు ఆయతులు చాటుతున్నాయి.

రెండవది, స్త్రీకి పాలన అప్పగించిన జాతి బాగుపడదన్న హదీసు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. పర్షియా ప్రజలు తమ చక్రవర్తి కుమార్తెను సింహాసనం ఎక్కించారన్న వార్త విన్న సందర్భంలోని మాట ఇది. దీన్ని సామ్రాజ్య పాలనకు వర్తింపజేసిన విద్వాంసులు ఉన్నారు, ఆ ఒక్క సందర్భానికే పరిమితమన్నవారూ ఉన్నారు. ఏ విధంగా తీసుకున్నా దీన్ని ఖుర్ఆన్ పాఠం చెప్పడానికి, ఫత్వా ఇవ్వడానికి అడ్డుగా మన పూర్వ విద్వాంసులు భావించలేదు. ముఫ్తీగా ఉండడానికి పురుషత్వం షరతు కాదని ఫిఖహ్ గ్రంథాలు చెబుతున్నాయి. హుదూద్, ఖిసాస్ మినహా ఇతర వ్యవహారాలలో స్త్రీ న్యాయమూర్తి తీర్పు చెల్లుతుందన్నది హనఫీ అభిప్రాయం. తీర్పు చెప్పగలిగిన స్త్రీ పాఠం చెప్పలేదా?

మూడవది, నమాజుకు నాయకత్వం. ఇందులో నేను ఎక్కువ దూరం వెళ్ళను. స్త్రీలకు స్త్రీ ఇమామత్ చేయడం గురించి ఆయిషా (రజి), ఉమ్మె సలమా (రజి)ల ఆచరణ నమోదై ఉంది; వారు వరుస మధ్యలో నిలిచి నమాజు చేయించారు. షాఫయీలు దీన్ని మెచ్చుకున్నారు, హనఫీలు మక్రూహ్ అన్నారు. తన ఇంటివారికి నమాజు చేయించమని ఉమ్మె వరఖా (రజి)కు దైవప్రవక్త (స) అనుమతి ఇచ్చిన హదీసు అబూ దావూద్‌లో ఉంది. దాని పరిధి ఎంతన్న దానిపై చర్చ ఉంది. పురుషులకు స్త్రీ ఇమామత్ చేయడాన్ని అత్యధిక విద్వాంసులు అంగీకరించలేదు. ఈ వివాదాన్ని అడ్డం పెట్టుకుని వివాదమే లేని విషయాన్ని కూడా మూసివేయకూడదన్నదే నా విన్నపం. బోధన, ఫత్వా, ఉపదేశం, ఆధ్యాత్మిక మార్గదర్శనం, వీటి తలుపులు ఏనాడూ మూయబడలేదు. మూసినది మన అలవాటు.

హక్కును ముందు ఇంట్లో ఇద్దాం

ఈ పత్రిక పాఠకులు మైనారిటీ హక్కుల కోసం నిరంతరం గొంతెత్తేవారు. రాజ్యాంగంలోని 25వ అధికరణను మనం ప్రతి సభలోనూ ఉదహరిస్తాం. మతాన్ని విశ్వసించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు అందరికీ సమానంగా ఉందని అందులో ఉంది. ఆ ‘అందరి’లో మన ఆడపిల్లలు లేరా? ఉమ్మె సలమా (రజి) జవాబే మళ్ళీ వినిపించడం లేదా?

మనం మన ఇంట్లో పరిష్కరించుకోని ప్రశ్న కోర్టు మెట్లెక్కుతుంది. మస్జిదులలో స్త్రీల ప్రవేశం కోరుతూ పుణెకు చెందిన దంపతులు సుప్రీం కోర్టుకు వెళ్ళారు. 2020 జనవరిలో ఆల్ ఇండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు, స్త్రీలు నమాజు కోసం మస్జిదుకు రావడానికి ఇస్లాం అనుమతిస్తుందని తన అఫిడవిట్‌లో చెప్పింది. సంతోషం. అయితే ఆ మాట మన వాడవాడలా మస్జిదు కమిటీలు ముందే చెప్పి ఉంటే అఫిడవిట్ అవసరమే వచ్చేది కాదు. హైదరాబాదు దారుల్‌షిఫాలోని ఇబాదత్‌ఖానాలో అఖ్బారీ షియా మహిళల ప్రార్థన హక్కును 2024లో తెలంగాణ హైకోర్టు గుర్తించింది. దైవదాసీలను మస్జిదుల నుండి ఆపవద్దన్న ప్రవక్త (స) ఆదేశాన్ని వినిపించి, ఆపుతానన్న సొంత కొడుకును అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) తీవ్రంగా మందలించారు. పధ్నాలుగు వందల ఏళ్ళ క్రితం ఒక తండ్రి ఇంట్లో తేల్చిన విషయాన్ని మనం న్యాయస్థానాల దాకా తీసుకుపోతున్నాం.

ఫిత్నా భయంతో తరువాతి కాలపు హనఫీ విద్వాంసులు స్త్రీలను మస్జిదుకు రావద్దన్నారని అంటారు. అది ఆనాటి పరిస్థితిని చూసి చెప్పిన మాట. ఈనాడు మన ఆడపిల్ల కాలేజీకి వెళుతోంది, బ్యాంకుకు వెళుతోంది, బస్సులో పట్నానికి వెళుతోంది. ఆమె వెళ్ళలేని చోటు మస్జిదు ఒక్కటే అయితే ఆ ఫిత్నా ఎక్కడ ఉన్నట్టు?

మన హక్కుల పోరాటానికి కూడా ఇది అవసరం. ముస్లిం స్త్రీ పేరు చెప్పి టీవీ చర్చలలో ఎవరెవరో మాట్లాడుతున్నారు. ఆమె మీద జాలి చూపిస్తూ మన సముదాయాన్నంతా దోషిగా నిలబెడుతున్నారు. దానికి సమాధానం మన పురుషులు ఆమె తరఫున మాట్లాడటం కాదు. ఖుర్ఆన్ చదివి, ఫిఖహ్ తెలిసి, తెలుగులో సూటిగా చెప్పగల స్త్రీ స్వయంగా నిలబడటం. అలాంటి పిల్లలు మన మదరసాల నుండి ఏటా బయటకు వస్తున్నారు. హైదరాబాదు మొఘల్‌పురాలోని జామియతుల్ మోమినాత్ స్త్రీలకు ముఫ్తియా శిక్షణ కూడా ఇచ్చింది. మొరాకో 2006 నుండి మహిళలను ‘ముర్షిదా’లుగా నియమించి మస్జిదులకు పంపుతోంది. చైనాలోని హుయీ ముస్లింలకు స్త్రీలే నడిపే స్త్రీల మస్జిదులు ఎంతో కాలంగా ఉన్నాయి. వారు చేయగలిగింది మనకు అసాధ్యమా?

పెద్దలారా, నేను కోరేవి పెద్ద పెద్ద కోరికలు కావు. ప్రతి మస్జిదులో స్త్రీలకు కొంత చోటు, వజూకు నీళ్ళు, వేరే దారి ఉండాలి. వారానికి ఒక రోజు ఒక ఆలిమా తెలుగులో దర్సె ఖుర్ఆన్ చెప్పాలి. ఆ పనికి మస్జిదు నిధి నుండి ఆమెకు గౌరవ వేతనం ఇవ్వాలి. ఇమాముకు ఇస్తున్నాం కదా. ఇద్దత్, మెహర్, ఖులా వంటి విషయాలలో స్త్రీలు ఎవరిని అడగాలో ఆమె పేరుతో సహా జుమా రోజున ప్రకటించాలి. నికాహ్ వివాదాలలో రాజీ కుదిర్చే పెద్దల పక్కన ఆలిమా ఒకరు కూర్చోవాలి. వక్ఫ్ బోర్డులో కనీసం ఇద్దరు మహిళలు ఉండాలని 2013 నాటి సవరణతోనే చట్టంలోకి వచ్చింది. బోర్డులో ఉండగలిగిన స్త్రీ మస్జిదు కమిటీలో ఎందుకు ఉండకూడదు?

సోదరీమణులకు కూడా ఒక మాట. పిలుపు వచ్చేదాకా కూర్చోకండి. దైవప్రవక్త (స) వద్దకు వెళ్ళి, మగవారే మీ సమయమంతా తీసుకుంటున్నారు, మాకూ ఒక రోజు కేటాయించండని అడిగినది మదీనా స్త్రీలే. ఆయన కేటాయించారు. ఖౌలా (రజి) తన భర్త విషయమై వాదిస్తే ఏడాకాశాల పైనుండి జవాబు వచ్చింది. ఆ సూరాకు ‘ముజాదలా’ అనే పేరు వచ్చింది. అడగడం మన సంప్రదాయం. నేర్చుకున్నదాన్ని దాచుకోవడం మన సంప్రదాయం కాదు.

చివరగా మా వీధి సంగతి పూర్తి చేస్తాను. ఆ ఆలిమా ఇంటి వరండాలో ఇప్పుడు శుక్రవారం అసర్ తరువాత పదిహేను మంది దాకా స్త్రీలు కూర్చుంటున్నారు. కుట్టు మిషనుకు గుడ్డ కప్పి, దాని మీదే ముస్‌హఫ్ పెట్టుకుని ఆమె పాఠం చెబుతోంది. ఇద్దత్ ఆయతులు చెప్పిన రోజున ముందు వరుసలో కూర్చున్నది ఉద్యోగం పోగొట్టుకున్న ఆ సోదరే. పాఠం అయ్యాక ఆమె ఏమీ మాట్లాడలేదు. మరునాడు తన మేనకోడలిని వెంటబెట్టుకుని వచ్చి, ఈ పిల్లకు కూడా నేర్పమంది.

ఆ సోదరికి పోయిన ఉద్యోగం తిరిగి రాలేదు. మరొక సోదరికి అలా జరగకుండా చూడడం మన చేతుల్లో ఉంది. జ్ఞానం అల్లాహ్ అప్పగించిన అమానతు. దాన్ని ఎవరి వద్ద ఉంచాడో వారి వద్ద నుండే అడిగి తీసుకునే వినయాన్ని మన పురుషులకు, అడిగినప్పుడు నిర్భయంగా చెప్పే ధైర్యాన్ని మన స్త్రీలకు అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాం.